కొరియా మామ్మ చావు

ఇందాక షార్జా రోలా బజార్లో కూరగాయల కొట్టు ముందు నిలబడిపోయాను. చేతిలో అరకిలో దొండకాయలు, ఎదురుగా వెంకట్రాములు. మా ఆయన రత్నబాబు పనిచేసే జెబెల్ అలీ గోడౌన్‌లోనే అతనూ పనిచేస్తాడు. జగిత్యాల వైపు మనిషి, అబద్ధం ఆడటం చేతకాదు. "బాబన్నకు లీవు పాసై పది దినాలాయె గదా అక్కా. ముదీరే పిలిచి సంతకం వెట్టిండు. మీకు జెప్పలేదా?" అన్నాడు.

నాకు చెప్పలేదు. నాకు చెప్పింది వేరే. ఈ ఏడు కూడా ఆ ముదీరు, అంటే మేనేజరు, లీవు ఇవ్వనన్నాడని, బతిమాలినా కనికరించలేదని, కంచంలో అన్నం కెలుకుతూ చెప్పాడు మహానుభావుడు. నేను నమ్మాను. పదిహేడేళ్లుగా షార్జాలో నర్సు ఉద్యోగం చేస్తున్నాను, కడుపునొప్పి అని అబద్ధం చెప్పే పేషెంటుని గుమ్మంలోనే పట్టేస్తాను, మొగుణ్ణి పట్టుకోలేకపోయాను.

సంగతేంటంటే, మా అత్తగారు మరియమ్మ 2021 మే నెలలో కరోనాతో పోయింది. అప్పుడు విమానాలు లేవు, వెళ్లలేదు, సరే. తర్వాత నాలుగేళ్లలో ఏటా ఊళ్లో జ్ఞాపకార్థ కూడిక పెడుతూనే ఉన్నారు, పెద్దకొడుకు ఒక్కసారీ మొహం చూపించలేదు. ఈసారి మా మరిది ఐజక్ సమాధి కట్టించాడు. పేరు చెక్కిన రాయి కూడా తెప్పించి పెట్టాడు. గురువారం ప్రతిష్ఠ. "అన్నయ్య రాకపోతే రాయి నిలబెట్టను వదినా, ఎన్నాళ్లయినా సరే అలా గోడకి ఆనించే ఉంచుతాను" అని నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఇవాళ ఆదివారం. ఆ మనిషిని ఎలాగైనా విమానం ఎక్కించాలని తీర్మానించుకుని మెట్లెక్కాను.

తలుపు తీసేసరికి రెండు ఏడుపులు వినిపించాయి. ఒకటి టీవీలోది, రెండోది మా ఆయనది. టీవీలోదే కాస్త నయం, దానికి వెనకాల వాయిద్యాలున్నాయి.

ఈ పీడ మా అమ్మాయి రేచెల్ వల్ల వచ్చింది. డిసెంబరు సెలవులకి వచ్చి కొరియా సీరియళ్లు పెట్టుకు చూసింది. అది కాలేజీకి తిరిగెళ్లిపోయింది, జబ్బు మాత్రం వాళ్ల నాన్నకి అంటించి పోయింది. పక్క గదిలో అద్దెకుండే జైబున్నీసా ఆయనకి తోడు. కడప మనిషి, ఒక అరబ్బుల ఇంట్లో పిల్లల్ని చూసుకుంటుంది, ఆదివారం మధ్యాహ్నం మా హాల్లో కూర్చుని ఏడుస్తుంది. గోడౌన్‌లో నలభై మందిని యల్లా యల్లా అని తరిమే యాభై రెండేళ్ల మగాడు లుంగీ, బనీను వేసుకుని, తువ్వాలు నోట్లో కుక్కుకుని వెక్కిళ్లు పెడుతున్నాడు. చూస్తుంటే నాకు అసహ్యం వేసింది.

ఆ భాగం నాకు తెలుసు. ఆయన చూడటం అది నాలుగోసారి. చేపల పులుసు అమ్మి మనవణ్ణి పెంచిన మామ్మ చచ్చిపోతుంది. పట్నంలో పెద్ద లాయరైన మనవడు ఆవిడ ఫోన్ ఎత్తడు. ఆ మామ్మ చావుని నేను నర్సుగా ఒప్పుకోను. ఆక్సిజన్ మాస్క్ తీసేసి ఆరు నిమిషాలు మాట్లాడింది, గడియారం పెట్టి చూశాను. వేలికి ఉండాల్సిన క్లిప్పు దుప్పటి మీద పడి ఉంది, మానిటర్ మాత్రం శుభ్రంగా గీతలు గీస్తోంది. సెలైన్ బొట్టు కూడా పడటం లేదు. నా వార్డులో ఇలా జరిగితే ముగ్గురికి మెమోలు ఇప్పించేదాన్ని.

ఆ మనవడొకడు. పొడుగు కోటు వేసుకుని వానలో తడుస్తూ వచ్చాడు, మొహం మీద ఒక్క మొటిమ మచ్చ లేదు. వాడికి తెలుగులో డబ్బింగ్ చెప్పినాయనది ఎరువుల ప్రకటనలు చదివే గొంతు. "నానమ్మా, నన్ను ఒంటరిని చేసి తరలిపోయావా" అంటున్నాడు. తరలిపోవడమేంటి, ఆవిడేమన్నా తాలూకా ఆఫీసా.

"చెప్పులిప్పి మెల్లగా రా పరిమళమ్మా, ఫొటోకి పూలు పెడతాండారు. దిల్ పిండేసినాడు పిల్లోడు" అంది జైబున్నీసా ముక్కు తుడుచుకుంటూ.

నేను నేరుగా వెళ్లి గోడ దగ్గర స్విచ్ ఆపేశాను.

"శవం ఎత్తనన్నా ఎత్తనీలేదే" అంది ఆవిడ.

"ఖలాస్ అక్కా. చచ్చిన మనిషి మళ్లీ చావదు. ఇవి తరిగిపెడతావా కాస్త?" అని దొండకాయల సంచి చేతికిచ్చాను. సంచి పట్టుకుని వంటింట్లోకి పోయింది. తలుపు మాత్రం ఓరగా వదిలింది, అది ఆవిడ హక్కు.

మా ఆయన తువ్వాలుతో మొహమంతా రుద్దుకున్నాడు. నేను ఎదురుగా కుర్చీ లాక్కున్నాను.

"లీవొచ్చి పది రోజులైందంట."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్తే ఏంటండి. వచ్చిందా, రాలేదా?"

"వచ్చింది."

"నిరుడు?"

"నిరుడూ ఇచ్చారు. నేనే వద్దన్నాను."

"అంతకుముందు?"

"అడగలేదు."

ఎంత నింపాదిగా చెప్పాడో. బస్సు ఎన్నింటికని అడిగితే చెప్పినట్టు. కోపం పాదాల దగ్గర మొదలై నెత్తికెక్కింది.

"కన్నతల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి చీర పెట్టాడట. ఈవిడ మీకు పినతల్లి కూడా కాదు, కొరియా ఆవిడ. ఈవిడ కోసం నాలుగు తువ్వాళ్లు తడిపారు. అక్కడ మీ అమ్మ పేరు రాసిన రాయి గోడకి ఆనించి ఉంది. మూడేళ్లు మన రేచెల్ని సాకిందండి ఆవిడ. మీరు మనిషేనా?"

అత్తగారికి నేనంటే ప్రాణమేమీ కాదు, నాకూ ఆవిడంటే కాదు. అయినా ఆవిడ చేసిన చాకిరీ నాకు గుర్తుంది. ఆవిడ పోయినప్పుడు నేను కోవిడ్ వార్డులో ఇరుక్కుపోయాను, వారం ఇంటికి రాలేదు. భూస్థాపన లైవ్‌లో చూసి ఈయన గోడౌన్‌లో గంటసేపు కుమిలి కుమిలి ఏడ్చాడని తోటివాళ్లు చెప్పారు. అది ఐజక్‌కి తెలిసింది, ఐజక్ ఊరంతా చెప్పాడు. ఇంటికొచ్చి నేను చూసేసరికి మాత్రం ఈయన కళ్లు ఎండిపోయి ఉన్నాయి. ఆ తర్వాత తల్లి పేరెత్తితే లేచి వెళ్లి కుళాయి కట్టేసి వచ్చేవాడు, కుళాయి కారకపోయినా.

"అక్కడికెళ్తే సాక్ష్యం చెప్పమంటారు పరిమళా" అన్నాడు.

మా సంఘంలో జ్ఞాపకార్థ కూడికంటే ముందు పాట, తర్వాత వాక్యం, ఆ తర్వాత పోయినవాళ్ల బిడ్డలు ఒక్కొక్కరే లేచి మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పాలి. దేవుడి ముందు చెప్పే మాట అది. పెళ్లిసంబంధాల్లో ఎన్ని కోతలు కోసినా పట్టించుకోరు గాని, సాక్ష్యంలో అబద్ధం చెప్పినవాణ్ణి మావాళ్లు జన్మలో క్షమించరు.

"చెప్పండి. నోరు లేదా?"

"ఏం చెప్పను? అమ్మ భూస్థాపన ఫోన్లో చూసి ఏడ్చానని చెప్పమంటారు. పాస్టరుగారు ఏటా ప్రసంగంలో అదే చెప్తున్నారంట, తల్లి మీద ప్రేమంటే రత్నబాబుదీ అని. నేను చూడలేదు."

"ఏది చూడలేదు?"

"అమ్మ భూస్థాపన."

"గంటసేపు ఏడ్చారుగా?"

"ఏడ్చాను. అది అమ్మది కాదు."

నాకు అర్థం కాలేదు. ఆయనే నిదానంగా చెప్పుకొచ్చాడు. మా వైపు పెళ్లిళ్లకీ చావులకీ వీడియో తీసేది ఆదిశేషు. ఆ మే నెలలో రోజుకి రెండు మూడు భూస్థాపనలు, దూరాన ఉన్నవాళ్ల కోసం అన్నీ లైవ్ పెట్టి లింకులు పంపేవాడు. ఈయనకి పంపిన లింకు మీద 'మరియమ్మ గారి భూస్థాపన' అనే ఉంది. పెట్టె మూసేసి ఉంది. చుట్టూ నలుగురు, తల నుంచి కాలి దాకా తెల్ల కిట్లు. పాస్టరుగారి గొంతు మాస్కులోంచి ముద్దముద్దగా వస్తోంది. ఐజక్‌కీ కరోనానే, వాడు అక్కడ లేడు. ఇంక ఎవర్ని చూసి గుర్తుపట్టాలి? సామాన్ల అరల మధ్య కింద కూర్చుని, అరచేతిలో ఫోన్ పెట్టుకుని, తనివితీరా ఏడ్చాడు.

"ఆఖర్న ప్రార్థనలో పాస్టరుగారు, ఈమెకు ముగ్గురు కుమార్తెలు, మగసంతానం లేరు అన్నారు. అప్పుడు తెలిసింది" అన్నాడు.

"వేరే ఆవిడా?"

"వేరే ఆవిడ. నరసాపురం ఇవతల ఊరు. పేరొక్కటే. ఆదిశేషు లింకులు తారుమారు చేసేశాడు. నాకు తెలిసేసరికి అమ్మని పూడ్చేసి గంటైంది."

నాకు నవ్వొచ్చింది. రాకూడని చోట వచ్చిందని తెలుసు, అయినా నవ్వాను. ఊరంతా మెచ్చుకున్న తల్లి ప్రేమ తాలూకు ఏడుపు ముక్కూ మొహం తెలీని ఆవిడకి పోయింది. ఇలాంటిది ఈయనకే జరుగుతుంది. రేచెల్ బారసాలకి వెళ్తూ పక్కవీధిలో ఇంకెవరింట్లోనో భోంచేసి వచ్చిన మనిషి.

"నవ్వు. మర్నాడు వాడు అసలు లింకు పంపాడు. ఇప్పటికీ ఫోన్లో ఉంది. తెరవలేదు."

"ఎందుకని?"

"తెరిస్తే ఏడుపు రాకపోతే?" అన్నాడు. "అప్పుడే అయిపోయిందేమో అనిపించేది. ఈ మామ్మ చచ్చిపోయినప్పుడు మళ్లీ వచ్చింది. వస్తోంది కదా, ఈ ఊపులో అమ్మది తెరుద్దాం అనుకుంటాను. టీవీ కట్టేసి ఫోన్ తీసేసరికి ఆగిపోతుంది. అందుకే మళ్లీ మొదట్నుంచి పెడతాను."

నాకు జాలి వేయాలి. వేసింది గాని, దాని మీద మంట ఎక్కి కూర్చుంది. పొరపాటు ఎవరైనా చేస్తారు. నాలుగేళ్లు ఒకే కంచం ముందు కూర్చుని నాకు చెప్పకపోవడం పొరపాటు కాదు.

"దేవుడి ముందు అబద్ధం ఆడకూడదు. పెళ్లాం ముందు ఆడచ్చన్నమాట."

"నువ్వు ఊరుకుంటావుగా" అన్నాడు.

"ఇవాళ్టితో ఊరుకోను. టికెట్టు ఇప్పుడే తీస్తున్నాను. గురువారం మైకు పట్టుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. జనం నవ్వుతారు, నవ్వనివ్వండి. నేను నవ్వలేదా? చచ్చిపోయారా? రాయి నిలబెట్టి రండి."

"నవ్వితే పర్లేదు పరిమళా. ఇంకోటుంది."

అని ఫోన్ తీశాడు. దాన్ని నాకివ్వకుండా తొడ మీద బోర్లించాడు. వంటింట్లో కత్తిపీట చప్పుడు ఆగింది.

"ఆ లైవ్ కింద రాశాను."

"ఏం రాశారు?"

"అమ్మ అనుకునే రాశాను కదా. అమ్మా, నేను నీ పెద్దకొడుకుని. దూరంగా బతికాను, నీ దగ్గర ఉండలేకపోయాను, నన్ను కన్నందుకు నీకు ఏ సుఖమూ ఇవ్వలేదు, క్షమించు అని. కింద నా పేరు. ఆ కంగారులో మర్చిపోయాను. నెల తర్వాత గుర్తొచ్చి తీసేశాను. అప్పటికే చూశారు."

"ఎవరు?"

ఫోన్ నా చేతికిచ్చాడు. పది రోజుల కిందట వచ్చిన మెసేజి.

'నమస్తే అండి. నా పేరు సోనీ. ఫుజైరాలో నర్సుగా చేస్తున్నాను. మీ నెంబరు ఆదిశేషుగారిచ్చారు, ఇంకేమీ చెప్పలేదు. మా అమ్మగారి భూస్థాపన లైవ్ కింద మీరు రాసింది మా నాన్నగారు చూశారండి. మేం ముగ్గురం ఆడపిల్లలం. మాకు అన్నయ్య ఉన్నట్టు మాకు తెలీదు. ఆ రోజు నుంచి నాన్నగారు మా ఇంట్లో అమ్మ పేరు ఎత్తనివ్వట్లేదు. ఫొటో తీయించేశారు. సమాధి కట్టించారు గాని పేరు వేయించనివ్వలేదు. నలభై ఏళ్ల కాపురం వాళ్లది, అయినా పెళ్లికి ముందు ఏదో ఉందని ఆయన అనుమానం. ఇప్పుడు ఆయన మంచంలో ఉన్నారు, ఎన్నాళ్లో తెలీదు. మీరెవరో దయచేసి చెప్తారా.'

రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతుంటే అక్షరాలు కదిలాయి. నా నవ్వు ఎటు పోయిందో నాకే తెలీదు. నలభై ఏళ్లు కాపురం చేసి, ముగ్గుర్ని కని, కరోనాతో పోయిన మనిషి. పెట్టెలో పడుకున్న ఆవిడ శీలం మీద, ఎక్కడో గోడౌన్‌లో కూర్చుని ఒకడు మట్టి పోశాడు. మాటకి మాట చెప్పడానికి ఆవిడ లేదు. మొగుడు నాలుగేళ్లుగా నమ్ముతున్నాడు. ఆ ముసలాయన కూడా నాకు మనిషిగా కనపడలేదు, ఎవడో తెలీనివాడు రాసిన రెండు లైన్ల కోసం నలభై ఏళ్ల పెళ్లాన్ని తుడిచేశాడు. మగాళ్ల నమ్మకం ఇంతే కాబోలు.

"జవాబిచ్చారా?"

"అడ్రసిచ్చాను."

"అడ్రసెందుకండి?"

"రాయడానికి చెయ్యాడలేదు. ఎదురుగా చెప్తానమ్మా అన్నాను. నేనే వస్తానంది."

"ఎప్పుడు?"

"ఇవాళే. బస్సు దిగానని ఇందాకే మెసేజి పెట్టింది."

నేను ఆ టీవీ వంక చూశాను, ఆయన వంక చూశాను. "ఆ పిల్ల వస్తోందని తెలిసే ఇది పెట్టుకుని కూర్చున్నారా?"

"ధైర్యం కోసం" అన్నాడు.

ఈ మనిషితో ఇరవై మూడేళ్లు ఎలా వేగానో ఎవరైనా పుస్తకం రాయాలి. కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. చంటిపిల్లాడికి అక్షరాలు దిద్దించినట్టు చెప్పాను.

"కథలు వద్దు. ఏడుపు అసలే వద్దు. గుమ్మంలోకి రాగానే ఒక్క ముక్క చెప్పండి. 'మా అమ్మ అనుకుని పొరపాటున రాశానమ్మా, మీ అమ్మగారికీ నాకూ ఏ సంబంధం లేదు.' అంతే. తర్వాత అదే మాట ఫోన్లో రికార్డు చేసి వాళ్ల నాన్నకి పంపుదాం. ఆయన పోయేలోపు వినాలి. ఆలస్యం చేస్తే ఆవిడ పేరు ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది, అర్థమైందా? అనండి ఒకసారి."

"మా అమ్మ అనుకుని పొరపాటున రాశానమ్మా."

"మిగతాది?"

"మీ అమ్మగారికీ నాకూ ఏ సంబంధం లేదు."

"మళ్లీ."

మళ్లీ అన్నాడు. ఈసారి ఎక్కడా ఆగలేదు. చొక్కా తెచ్చి ఇచ్చాను, వేసుకుని బొత్తాలు పెట్టుకున్నాడు. జుట్టు దువ్వుకోమన్నాను. పెళ్లిచూపుల నాడు కూడా నేనింత శ్రద్ధ పెట్టలేదు.

బెల్లు మోగింది. మేం లేచేలోపే జైబున్నీసా చేతుల్లో దొండకాయ ముక్కలతోనే పరుగెత్తి తలుపు తీసింది. విన్నది చాలక చూడాలని ఉంది కాబోలు.

ముప్ఫై దాటని పిల్ల. కాటన్ చుడీదార్, భుజాన బ్యాగు, మే నెల ఎండ తగిలి మొహం కందిపోయింది. చేతిలో చిన్న కవరు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి మా ఆయన్ని చూసింది. నుదురు చూసింది, కళ్లు చూసింది, పక్కకి వంగి చెవులు కూడా చూసింది. నేను పేషెంటుని చూసినట్టే చూస్తోంది. నాకు ఎందుకో భయం వేసింది.

"రత్నబాబుగారు?"

"ఆయ్, నేనేనమ్మా."

కవర్లోంచి ఒక ఫొటో తీసి, ఆయన మొహం పక్కన పెట్టి చూసింది. నాకు ఫొటో వెనకవైపే కనపడుతోంది. ఆ పిల్ల పెదాలు వంకరపోయాయి.

"చెవులు అమ్మవే" అంది. "నేను మిమ్మల్ని చాలా తిట్టుకున్నానండి. నాలుగేళ్లు తిట్టుకున్నాను. బస్సులో వస్తుంటే అనిపించింది, అమ్మ ఎవరికీ చెప్పుకోలేక ఎంత ఏడ్చిందో అని. నాన్నగారు ఏమైనా అనుకోనివ్వండి. ముగ్గురు ఆడపిల్లలం, మాకు ఎవరూ లేరు. అన్నయ్యా అని పిలవచ్చా?"

జైబున్నీసా చేతిలోంచి దొండకాయ ముక్కలు కింద పడ్డాయి. నేను మా ఆయన వంకే చూస్తున్నాను. పక్క నుంచి పెదాలతోనే ఆ మాట అందించాను. పొరపాటున. పొరపాటున రాశానమ్మా. ఆయన నన్ను చూశాడు. నోరు తెరిచాడు. ఆ కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, టీవీ కట్టేసి ఉంది.

"ఎండనపడి వచ్చావు" అన్నాడు. "లోపలికి రా చెల్లెమ్మా."